కట్టడాలను చదవడం – 4వ పాఠం: టొలెడోలో కమాను ఎవరిది?

గోడను చదవడం ఎలాగో పోయిన పాఠంలో చూశాం. టొలెడో పాత ఊరి గోడల్లో ఇటుక వరసకూ ఇటుక వరసకూ నడుమ చెక్కని రాళ్లు పేర్చి సున్నంతో బిగించే పద్ధతిని ఫొటోల్లో గుర్తుపట్టే సాధన ఇచ్చాను. అది చేయనివారు ముందు అది ముగించుకుని రండి. ఈసారి గోడను వదిలి గోడలోని ఖాళీ దగ్గరికి, అంటే కమాను దగ్గరికి వెళ్దాం.

ఊరి సంగతి క్లుప్తంగా చెబుతాను. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కు దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, తాహో నది మూడు వైపులా చుట్టివచ్చే రాతిగుట్ట మీద ఉంది టొలెడో. రోమన్లు, విసిగోతులు (రోమన్ల తరవాత వచ్చిన జర్మనిక్ తెగవారు), ముస్లిములు, క్రైస్తవులు ఒకరి తరవాత ఒకరు దాన్ని ఏలారు. 1492లో దేశం నుంచి వెళ్లగొట్టేదాకా యూదులూ ఇక్కడ శతాబ్దాల పాటు బతికారు. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇలాంటి ఊరు చూడబోయేవారికి ఎవరో ఒకరు తేలిక సూత్రం ఒకటి చెప్పి పంపుతారు: గుర్రపు లాడం ఆకారపు కమాను కనిపిస్తే మసీదు, మొన తేలిన కమాను అయితే చర్చి అని. ఆ సూత్రం పట్టుకుని టొలెడోలో తిరిగితే సందు సందుకూ బోల్తా పడటం ఖాయం. ఎందుకో తెలియాలంటే ముందు కమానును మీ చేత్తో గీయాలి.

వృత్తలేఖిని, స్కేలు, తెల్ల కాగితం తీసుకోండి. 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కేంద్రం గుండా అడ్డగీత గీసి, దాని పైభాగం మాత్రమే చూడండి. అది అర్ధవృత్తపు కమాను, రోమన్ల కట్టడాల్లో కనిపించేది. ఇప్పుడు కేంద్రానికి 2 సెంటీమీటర్ల కింద ఒక అడ్డగీత, 3 సెంటీమీటర్ల కింద మరో అడ్డగీత గీయండి. ఒక్కో గీత దగ్గర వృత్తం వెడల్పు కొలవండి. కేంద్రం దగ్గర 12 సెంటీమీటర్లు వస్తుంది, రెండో గీత దగ్గర 11.3, మూడో గీత దగ్గర 10.4. కింద ద్వారం ఇలా ఇరుకైతే అది లాడం కమాను. వ్యాసార్ధంలో మూడో వంతు దిగినది విసిగోతుల పద్ధతికి దగ్గరగా ఉంటుంది, సగం దిగినది కొర్దోబా నగరం నుంచి ఏలిన ముస్లిం ఖలీఫాల కాలపు పద్ధతికి. దీన్ని కొలబద్దగా పెట్టుకుని తీర్పులు చెప్పకండి, కంటికి తర్ఫీదుగా వాడుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. 711లో ముస్లిం సైన్యాలు రాకముందే స్పెయిన్‌లో లాడం కమాను ఉంది. మన తేలిక సూత్రానికి ఇక్కడే మొదటి బీట పడింది.

గీసిన కమానులో ఇప్పుడు ఇటుకలు నింపండి. పైభాగంలో ప్రతి ఇటుకా కేంద్రం వైపు చూడాలి. కింద, లోపలికి ముడుచుకున్న పాదాల దగ్గర మాత్రం వాటిని అడ్డంగా, ఒకదాని కంటే ఒకటి కాస్త వెనక్కి జరిగేలా పేర్చండి. లాడం కమానుల్లో చాలావాటి కట్టుబడి ఇదే. బరువు మోసేది పై వంపు, పాదాలు ఆకారాన్ని పూర్తిచేస్తాయి. ఇటుకలు వాలడం ఎక్కడ మొదలైందో పట్టుకోగలిగితే ఆ మేస్త్రీ పని సగం మీకు అర్థమైనట్టే.

ఇక ఊళ్లోకి వెళ్దాం. క్రిస్తో దె లా లుస్ అనే చిన్న కట్టడం ఫొటో తెరవండి. దాదాపు 8 మీటర్ల చదరం, అంతే. ముఖభాగంలో మూడు ద్వారాలు, మూడింటి కమానులూ మూడు రకాలు. ఏది లాడం కమానో, ఏది రేకుల అంచు కమానో మీరే తేల్చండి. వాటి పైన ఒకదాన్నొకటి అల్లుకున్న లాడం కమానుల వరస కనిపిస్తుంది. వెనక గోడ మూసే ఉంది, వెలుతురు రాదు. ఇవి మూగ కమానులు, అలంకారం కోసమే. ఇంకా పైన ఇటుకల జాలీ, దాని మీద ఇటుకలతోనే పేర్చిన అరబిక్ అక్షరాల పట్టీ. అహ్మద్ ఇబ్న్ హదీదీ సొంత ఖర్చుతో ఈ మసీదు కట్టించాడనీ, మూసా ఇబ్న్ అలీ కట్టాడనీ, హిజ్రీ 390 ముహర్రంలో పూర్తయిందనీ అందులో ఉంది. మన లెక్కలో అది 999 చివర. రాతిఫలకం తెచ్చి అతికించకుండా గోడ కట్టే ఇటుకతోనే తేదీ రాసిన ఆ పనితనం ముందు పక్కనున్న పెద్ద పెద్ద కట్టడాలు నాకు ఆనవు.

లోపల నాలుగు స్తంభాలు, తొమ్మిది గళ్లు. ప్రతి గడికీ పైకప్పు పట్టెల అల్లిక వేరు, ఏ రెండూ ఒకలా ఉండవు. స్తంభాల తలలు మాత్రం పాత విసిగోతుల కట్టడాల నుంచి తెచ్చి పెట్టినవి. 1085లో క్రైస్తవ రాజు ఆరో అల్ఫోన్సో టొలెడోను స్వాధీనం చేసుకున్నాడు. తరవాత వందేళ్లకు ఈ మసీదు చర్చి అయింది, ఒక పక్కన అర్ధచంద్రాకారపు ఇటుక గది వచ్చి చేరింది. బయటినుంచి చూస్తే ఆ గది గోడ నిండా మళ్లీ మూగ కమానులే. చర్చి కోసం కట్టినా పనితీరు మసీదు కట్టినవారిదే. క్రైస్తవ ఏలుబడిలో నిలిచిపోయిన ముస్లిం మేస్త్రీల పనిని, వారి దగ్గర నేర్చుకున్నవారి పనిని ముదేహార్ శైలి అంటారు. రాజు మారినంత మాత్రాన మేస్త్రీలు మారరు. ఇటుక దొరికే చోట, ఇటుక పని తెలిసిన చేతులున్న చోట ఎవరు డబ్బిచ్చినా కట్టేది అదే.

సాంతా మరియా లా బ్లాంకాలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. తెల్లటి ఎనిమిది పలకల స్తంభాలు 32, వాటి మీద బారులు తీరిన లాడం కమానులు, ఐదు వరసల నడవలు. స్తంభాల లోపల ఇటుకే, పైన గచ్చు పూత. తలల దగ్గర గచ్చుతో తీర్చిన దేవదారు కాయలు. ఫొటో చూపిస్తే పదిమందిలో తొమ్మిదిమంది మసీదు అంటారు. కట్టింది యూదుల ప్రార్థనాలయంగా, క్రైస్తవ రాజ్యంలో. 15వ శతాబ్దంలో చర్చిగా మారింది. అక్కడికి దగ్గర్లోనే సాన్ రొమాన్ ఉంది. 1221లో ప్రతిష్ఠ జరిగిన చర్చి, అక్కడా లాడం కమానులే.

మరి ఏది ఎవరి ప్రార్థన కోసం కట్టారో ఎలా తెలుస్తుంది? కమానును అడగకండి, దిక్కును అడగండి. చర్చి పవిత్రస్థానం మామూలుగా తూర్పున ఉంటుంది. స్పెయిన్ మసీదుల్లో ఖిబ్లా గోడ, అంటే నమాజు చేసేవారు ఎదురుగా నిలబడే గోడ, ఆగ్నేయం వైపో దక్షిణం వైపో తిరిగి ఉంటుంది. ఆ తరవాత లిపి చూడండి. అయితే జాగ్రత్త, సాన్ రొమాన్ గోడల రంగుచిత్రాల్లో లాటిన్ పక్కనే అరబిక్ అక్షరాలున్నాయి, అలంకారంగా. చివరగా అతుకులు వెతకండి. లా బ్లాంకా కొసన ఉన్న చిన్న పూజాగదులు 16వ శతాబ్దానివి. నేల ప్రణాళికలో వాటిని వేలితో మూసి చూస్తే అసలు కట్టడం బయటపడుతుంది.

ఈ వారం సాధన టొలెడో పెద్ద చర్చి మీద. 1226లో మొదలై 1493 దాకా సాగిన గోథిక్ కట్టడం అది. మొన తేలిన కమానులు ఫ్రాన్సు నుంచి వచ్చిన పద్ధతి. పవిత్రస్థానం చుట్టూ తిరిగే నడవ పైభాగంలో చిన్న కమానుల వరస ఒకటి ఉంది. దాని ఫొటో సంపాదించి, ఫ్రాన్సు పద్ధతికి పొసగని కమానులను కాగితం మీద గీయండి. ఎన్ని రేకులున్నాయి, ఒకదాన్నొకటి ఎక్కడ దాటుతున్నాయి అన్నది గీతలోనే కనిపించాలి. ఐదో పాఠంలో ఎల్ త్రాన్‌సితో అనే యూదుల ప్రార్థనాలయం గోడల మీది గచ్చు పనికి వెళ్తాం. మెత్తటి పెన్సిలు దగ్గర పెట్టుకోండి, అక్కడ అక్షరాలు ఆకుల మధ్య దాగి ఉంటాయి.