ఎండతో ఎగిరే బెలూన్ ఎక్కడెక్కడ మొరాయిస్తుంది

ప్రాణహిత ఒడ్డున మా సిరొంచలో పిల్లలతో కలిసి మూడు చలికాలాలుగా నల్ల బెలూన్లు ఎగరేస్తున్నాను. హీలియం లేదు, మంట లేదు. నల్ల ప్లాస్టిక్ సంచిలో మామూలు గాలి నింపి ఎండలో పెడితే లోపలి గాలి వేడెక్కి తేలికవుతుంది. దానికి చిన్న రేడియో వేలాడదీసి, తాడు పట్టుకుని పైకి వదులుతాం. నది అవతల కాళేశ్వరం దిక్కు ఇంకో జట్టు రిసీవర్‌తో కూర్చుంటుంది. మొదటి ఏడాది ఎగిరినవాటికంటే ఎగరనివే ఎక్కువ. ఎందుకు ఎగరలేదో ఒక్కొక్కటే పట్టుకున్నాం. మీకు పనికొస్తుందని రాస్తున్నా.

నింపి ఎండలో పెట్టినా నేల వదలట్లేదు

ముందు షీటు ఏ వైపు బయటికి ఉందో చూడండి. మేం వాడేది మిర్చి బోదెల మీద పరిచే మల్చింగ్ షీటే. ఒక వైపు వెండి రంగు, ఇంకో వైపు నలుపు. పొలంలో వెండి వైపే పైకి పరుస్తారు కదా, పిల్లలూ ఆ అలవాటుతోనే వెండి వైపు బయటికి పెట్టి అతికించారు. గంటన్నర కూర్చున్నాం. పెళ్లికూతురిలా మెరిసిందే తప్ప కదల్లేదు. అక్కడే మిగిలిన షీటు ముక్కలు రెండు ఎండలో పక్కపక్కన పెట్టి చెయ్యి ఆనించమన్నాను. నల్ల వైపు చురుక్కుమంది, వెండి వైపు గోరువెచ్చగా ఉంది. సంచి తిరగేశాక లేచింది. అన్నట్టు, మొక్కల కోసం ముందే రంధ్రాలు కొట్టిన రోల్ తేకండి.

నలుపు బయటే ఉన్నా లేవకపోతే సైజు చిన్నదైంది. లోపలి గాలి బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే ఒక్కో ఘనపు మీటరు సుమారు 75 గ్రాములు మోస్తుంది. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు 23 గ్రాములు తూగుతుంది. రెండు మీటర్ల వ్యాసంతో కడితే మోసేది 315 గ్రాములు, సంచి బరువే 290. తాడు కడితే అయిపోయింది. మూడు మీటర్లకు పెంచితే సంచి 650 గ్రాములు, మోసేది కిలో పైమాటే. అందుకే చిన్నది కట్టి చూద్దాం అనుకోవద్దు, చిన్నదే ఎగరదు.

"సార్, పొద్దుగాల లేచింది పగటీలి ఎందుకు లేస్తలేదు? ఎండ ఇంకా ఎక్కువుంది కదా?" అని ఏప్రిల్‌లో ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. బెలూన్‌ను లేపేది వేడి కాదు, లోపలికీ బయటికీ ఉన్న తేడా. బయటే 43 డిగ్రీలుంటే అదే 20 డిగ్రీల తేడాకు ఘనపు మీటరుకు 66 గ్రాములే వస్తాయి. పైగా మధ్యాహ్నం గాలి రేగుతుంది, షీటుకు పట్టిన వేడిని ఊడ్చుకుపోతుంది, టేపు జిగురు వదిలేస్తుంది. డిసెంబరు, జనవరిలో మంచు ఆరగానే, గాలి ఇంకా లేవకముందే ఎగరేయండి. తడి ఆరకముందు మాత్రం వద్దు, ఆ నీళ్ల బరువే చాలు కింద కూలేయడానికి.

లేచింది, పది నిమిషాల్లో కుంగింది

మబ్బు పట్టిందా చూడండి. లేకపోతే పైభాగంలో చిల్లు ఉంది. వేడిగాలి పైన చేరుతుంది కాబట్టి కింద మూతి తెరిచి ఉన్నా నష్టం లేదు, పైన సూది బెజ్జాలు నాలుగున్నా నష్టమే. అతికించే ముందు షీటును ఎండకు ఎత్తి పట్టుకుంటే బెజ్జాలు చుక్కల్లా మెరుస్తాయి. టేపు రెండు వైపులా వేయండి.

ఎత్తు నిలవట్లేదు, ఎగబాకుతుంది లేదంటే పడుతుంది

అసలు పని ఇక్కడే ఉంది. నెత్తిన ఒక మూత, దాన్ని తెరిచే చిన్న మోటారు, రేడియో పెట్టెలో గాలి పీడనం కొలిచే సెన్సార్ పెట్టాం. నేల దగ్గర 8 మీటర్లు పైకి పోతే పీడనం సుమారు ఒక మిల్లీబార్ తగ్గుతుంది, దాంతో ఎత్తు తెలుస్తుంది. తాడు వదులుగా ఉంచి, 60 మీటర్ల దగ్గర నిలపమని పిల్లవాడికి చెప్పాను. 65 చూపించగానే మూత తెరిచాడు. ఏం కాలేదు. ఇంకా తెరిచాడు. అప్పటికీ ఏం కాలేదు. మూడోసారి తెరిచేసరికి మొదటిసారి పోయిన వేడి లెక్క తేలి, బెలూన్ తుమ్మచెట్టు మీదికొచ్చింది.

బకెట్లో వేణ్ణీళ్లు పలచన చేసినట్టే ఇదీ. చెంబు పోసి, కలిపి, చెయ్యి పెట్టి చూడాలి. చూడకుండా మూడు చెంబులు పోస్తే ఇంక వణకడమే. రెండు సెకన్లు తెరవండి, మూయండి, ఒక నిమిషం ఆగండి. స్క్రీన్ మీద చూడాల్సింది ఎత్తును కాదు, ఎత్తు మారే వేగాన్ని. పైకి పోయే వేగం తగ్గడం మొదలైతే ఇంక చెయ్యి పెట్టొద్దు.

మూత తెరిస్తే పోయిన వేడి తిరిగి రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఇంకో దారీ ఉంది: సగం నలుపు, సగం వెండి బయటికి కట్టి, రెండు పక్కతాళ్లతో తిప్పడం. నల్ల వైపు ఎండకు తిప్పితే పైకి, వెండి తిప్పితే కిందికి. చలికాలం పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. మే నెల మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, ఎటు తిప్పినా ఒకటే.

ఎత్తు కోసం ఇంత యాతన ఎందుకంటే, 20 కిలోమీటర్ల పైన ఒక్కో పొరలో గాలి ఒక్కో దిక్కుకు వీస్తుంది. ఎత్తు మార్చగలిగితే ఇంజిన్ లేకుండానే దిక్కు మార్చొచ్చు. 2013లో న్యూజిలాండ్‌లో మొదలై 2021లో మూతపడిన గూగుల్ లూన్ ప్రాజెక్టులో, ఆకాశం నుంచి ఇంటర్నెట్ అందించే బెలూన్లు నడిచింది ఈ కిటుకుతోనే. అవి మూత తెరిచి వేడి వదల్లేదు. పంపుతో లోపలి సంచిలోకి గాలి ఎక్కించి బరువు పెంచుకునేవి.

పొద్దు గుంకగానే దిగిపోతుంది

దీనికి మన దగ్గర మందు లేదు. ఎండ పోతే వేడి పోతుంది. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ పైన అల్యూమినియం పూత, కింద పారదర్శక ప్లాస్టిక్ ఉన్న బెలూన్ కట్టి, రాత్రి నేల నుంచి వచ్చే పరారుణ వేడితోనే తేల్చింది. అది వేల ఘనపు మీటర్ల సరుకు. మీరు మాత్రం నాలుగున్నరకల్లా దించేయండి.

సిగ్నల్ తెగుతోంది

యాంటెనా గిరగిరా తిరుగుతుంటే పెట్టెను ఒక తాడుతో కాకుండా రెండు తాళ్లతో వేలాడదీయండి. 865–867 మెగాహెర్ట్జ్ చిన్న రేడియో మాడ్యూల్ చాలు. 100 మీటర్ల ఎత్తు నుంచి చదును నేల మీద 35 కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుంది, అంతదూరం సిగ్నల్‌కు నేల అడ్డు రాదు.

తాడు తెగిపోయింది

కరెంటు తీగల దగ్గర అసలు ఎగరేయొద్దు. తాడు లేకుండా వదలడానికి అనుమతులు కావాలి. నక్సలైట్ల వార్తలతో పేరుపడ్డ మా గడ్చిరోలి జిల్లాలో ఆకాశంలో నల్ల సంచి, దాని కింద వైర్ల పెట్టె కనిపిస్తే ఎవరేమనుకుంటారో చెప్పక్కర్లేదు, పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పండి. బెలూన్ నెత్తికి ఇంకో సన్న తాడు కట్టి చేతిలో ఉంచుకోండి. పెద్ద తాడు తెగితే దాన్ని లాగితే బెలూన్ తలకిందులై వేడిగాలి అంతా మూతి గుండా పోయి కూలుతుంది.

ఆ రెండో తాడు కట్టకముందు మాదొకటి పోయింది. మర్నాడు ఊరి అవతల మిర్చి చేనులో దొరికింది. పెట్టె, రేడియో గట్టు మీద భద్రంగా ఉన్నాయి. సంచిని మాత్రం ఆ రైతు పొడుగ్గా చీల్చి రెండు బోదెల మీద పరిచేశాడు, వెండి వైపు పైకి.