చైన్ మిషన్ మోసే ట్రక్కుకి ఫిట్‌నెస్: కోతలకు ముందే చేయించుకోవాల్సిన పని

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో చైన్ మిషన్, అంటే గొలుసు పట్టాల మీద నడిచే వరి కోత మిషన్, ఉన్న ఇళ్లలో మాదీ ఒకటి. దాన్ని మోసేది ట్రాక్టర్ వెనక తగిలించే ట్రెయిలర్, మన వైపు దాన్నే ట్రక్కు అంటాం. మిషన్ సంగతి మా ఆయనా మా మరిదీ చూసుకుంటారు, కాగితాల ఫైలు నా దగ్గర ఉంటుంది. సార్వా (ఖరీఫ్) కోతలు దగ్గర పడేసరికి చుట్టుపక్కల వాళ్లు వచ్చి ఇదే అడుగుతారు: "అక్కా, మిషనూ మనదే, ట్రక్కూ మనదే. దానికి ఫిట్‌నెస్ ఎందుకు?" సొంతదైనంత మాత్రాన మినహాయింపు రాదు. ట్రక్కు ఏ తరగతిలో రిజిస్టర్ అయింది, రోడ్డు మీద దేనికి వాడుతున్నారు అన్నవే లెక్క.

1988 మోటారు వాహనాల చట్టంలో ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. ఇంజిన్ లేకపోయినా సరే, దానికి వేరే ఆర్‌సీ, వేరే నంబరు ఉండాలి. మన వైపు పాత ట్రక్కులకి ఏపీ 37, ఏపీ 05 నంబర్లు కనిపిస్తాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ట్రాక్టర్ ఆర్‌సీ చూపించి ట్రక్కు కూడా ఇందులోదే అంటే కుదరదు.

ఇంట్లో ఉన్న ఆర్‌సీ తీసి వాహన తరగతి దగ్గర ఏముందో చూడండి. అగ్రికల్చరల్ ట్రెయిలర్ అని ఉంటే రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నడుస్తుంది. తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కమర్షియల్ అని ఉంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఫారం 38 కావాలి. కొత్త బండికి రెండేళ్లు ఇస్తారు. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనాన్ని 56వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేనట్టే లెక్క కడతారు. గడువు దాటితే రోజుకి 50 రూపాయల చొప్పున అదనపు రుసుము కూడా నిబంధనల్లో ఉంది.

"మేం కిరాయికి తిప్పట్లేదు కదా" అనేవాళ్లు సరుకు రవాణా వాహనానికి చట్టం ఇచ్చిన నిర్వచనం చదవాలి. అందులో కిరాయి ఊసే లేదు. ట్రాక్టర్‌కి ట్రెయిలర్ తగిలించి సరుకు మోస్తే అది సరుకు రవాణా వాహనమేనని సుప్రీంకోర్టు 2005లో నట్వర్ పారిఖ్ కేసులో చెప్పింది. సొంత చేలో ధాన్యం తోలుకోవడానికి అగ్రికల్చరల్ ట్రెయిలర్ ఉంది. పక్క ఊరి వాళ్ల మిషను, చెడిపోయిన కారు, ఇటుక ఎక్కించి డబ్బు తీసుకుంటుంటే మాత్రం కమర్షియల్‌గా మార్పించుకోండి. ఖర్చు ఎక్కువే, నాకూ తెలుసు. కానీ ప్రమాదం జరిగితే బీమా వాళ్లు ముందు వెతికేది ఇలాంటి తేడానే.

ధాన్యం ట్రక్కు తలుపులు తీసేసి, పొడవు పెంచి, వెనక మిషన్ ఎక్కే ర్యాంపులు వెల్డింగ్ చేయించినవాళ్లు మన దగ్గర చాలామంది. ఆర్‌సీలో ఉన్న కొలతలకీ బండికీ తేడా వస్తే 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి ఉండాలి, మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. వెల్డింగ్ షాపుకి వెళ్లకముందే ఈ అనుమతి తీసుకోండి. వెడల్పు ఎట్టి పరిస్థితిలోనూ 2.6 మీటర్లు దాటకూడదు.

ఇక తనిఖీ. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) గారు చూసినా, టెస్టింగ్ స్టేషన్‌కి పంపినా మొదటి చిక్కు చాసిస్ నంబరు దగ్గరే వస్తుంది. మనది ఉప్పు గాలి. నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే ట్రక్కులైతే మరీ తొందరగా తుప్పు పడతాయి. ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు తుప్పుకీ, పొరలు పొరలుగా వేసిన రంగుకీ కనిపించకుండా పోతుంది. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ప్రింట్ సరిగా రాకపోతే పని అక్కడే ఆగుతుంది. వెళ్లే ముందు ఆ చోట రంగు మెత్తగా గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ప్రింట్ మీరే ఒకసారి తీసి చూసుకోండి. తర్వాత రంగు వేయకుండా గ్రీజు రాసి ఉంచండి. గ్రైండర్ మాత్రం పెట్టొద్దు. అంకె అరిగిందంటే నంబరు మార్చారేమోనన్న అనుమానం వస్తుంది, అది తీరేసరికి కోతలు అయిపోతాయి.

తర్వాత లైట్లు. ట్రక్కు ఖాళీగా ఉన్న నెలల్లో వైర్లు ఎలుకలు కొరికేస్తాయి. ట్రాక్టర్ నుంచి వచ్చే ప్లగ్ పెట్టి ఎర్ర లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు ఒక్కొక్కటీ వేయించండి, వెనక ఒక మనిషిని నిలబెట్టి చూడండి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, ముందు తెల్లవి ఉండాలి. 216 హైవే మీద రాత్రిపూట లైటు లేని ట్రక్కును బండ్లు గుద్దిన వార్తలు ప్రతి కోతల కాలంలో వింటూనే ఉంటాం. అందుకే మేం నిబంధన అడిగినదానికంటే ఎక్కువగానే రిఫ్లెక్టివ్ టేపు అంటిస్తాం. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. జాకీ వేసి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపండి, ఊగితే బేరింగ్ పోయిందని అర్థం. హుక్కు పిన్ను అరిగితే మార్చేయండి, దానితో పాటు ఒక సేఫ్టీ చైన్ కూడా వేయండి. కాలవ గట్టు దిగుతుంటే బరువున్న ట్రక్కు ట్రాక్టర్‌ని ముందుకి నెడుతుంది, అప్పుడు ఆధారం ఆ పిన్నే.

బరువు సంగతి అంచనాకి వదలకండి. ఆర్‌సీలో మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మీరు మోయగలిగేది వస్తుంది. మొత్తం 6,000 కిలోలు, ఖాళీది 1,800 అయితే 4,200 వరకే. మా చైన్ మిషన్ 3 టన్నులు పైనే. డీజిల్ డ్రమ్ములు, సామాన్లు, మనుషులు ఎక్కాక ఎంతవుతుందో రైస్ మిల్లు కాటా మీద ఒకసారి తూకం వేయించండి. బరువు దాటితే 194వ సెక్షన్‌లో జరిమానా 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకి 2,000. మిషన్ భాగం పక్కలకి గానీ వెనక్కి గానీ హద్దు మించి పొడుచుకొచ్చినా 20,000 ఉంది.

బీమా పాలసీలో ట్రాక్టర్ నంబరు ఒక్కటే ఉంటే చాలదు. ట్రక్కు నంబరు కూడా రాయించి, దాని ప్రీమియం కట్టి, పాలసీ చేతికి రాగానే నంబర్లు ఆర్‌సీతో పోల్చి చూసుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ట్రక్కుకి అక్కర్లేదు, ట్రాక్టర్‌కే.

మేం ఇదంతా సెప్టెంబరులో పెట్టుకుంటాం. నవంబరు వచ్చిందంటే బండి ఒక్కరోజు ఆగినా చేలో పంట పడిపోతుందన్న టెన్షన్, పైగా వెల్డింగ్ షాపుల్లో ఖాళీ ఉండదు. దాళ్వా (రబీ) కోతలకైతే ఫిబ్రవరి చివర్లో లైట్లు, టైర్లు, బేరింగులు మళ్లీ చూస్తాం. అసలు కాగితాలు ఇంట్లో బీరువాలో ఉంచి, నడిపేవాళ్ల ఫోన్లో డిజిలాకర్ పెట్టించండి. 2018 నుంచి దానిలో చూపించినా చెల్లుతుంది.