పడవ మోటారుకి కారు బ్యాటరీ వద్దు

కళింగపట్నం దగ్గర వంశధారలో చిన్న పడవకి కరెంటు మోటారు పెట్టుకునేవాళ్లకి ఒక మాట. ఇంట్లో ఉంది కదా అని పాత కారు బ్యాటరీ తగిలించకండి. అది ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొన్ని క్షణాలు గట్టిగా కరెంటు ఇచ్చే రకం. గంటల తరబడి వాడితే తొందరగా చచ్చిపోతుంది. నేను అలాగే ఒకటి పాడుచేసి, ఏటి మధ్యలోంచి గెడ వేసుకుంటూ ఒడ్డుకొచ్చాను.

డీప్ సైకిల్ బ్యాటరీ, అంటే గంటల తరబడి నిదానంగా కరెంటు ఇచ్చే రకం, అడగండి. మోటారు 30 ఆంపియర్లు లాగుతుంటే, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో పట్టే చార్జి కొలత) లెడ్ బ్యాటరీని గంటన్నరకి మించి నమ్మొద్దు, సగం చార్జే వాడాలి కాబట్టి. ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టే ట్యూబులర్ బ్యాటరీ కూడా పనిచేస్తుంది గానీ మోయలేక నడుం పడిపోతుంది, పైగా పడవ ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది. డబ్బులుంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిక, చార్జర్ మాత్రం దానిదే కొనాలి. ఉప్పుగాలికి టెర్మినళ్లకి పచ్చగా చిలుం పట్టేస్తుంది, కాస్త వాజలీన్ రాయండి.