మన కథ మనమే రాసుకుందాం – 4వ పాఠం: పదహారేళ్లప్పటి మనం

పోయిన పాఠంలో పుట్టి పెరిగిన ఇంటిని రాశాం. గుమ్మం దగ్గర మొదలుపెట్టి పెరటి దాకా నడిచాం. గోడలు ఎక్కడికీ కదలవు కాబట్టి అది సులువైన పాఠమే. ఈసారి ఆ ఇంట్లో తిరిగిన మనిషిని రాయాలి. పదహారేళ్లప్పటి మిమ్మల్ని రాసి, పక్కన ఇప్పటి మిమ్మల్ని నిలబెట్టాలి.

ఈ పని ఇస్తే చాలామంది పేజీ మధ్యలో నిలువుగీత గీసి, ఎడమవైపు 'అప్పుడు', కుడివైపు 'ఇప్పుడు' అని రాస్తారు. అప్పుడు సిగ్గరిని, ఇప్పుడు నలుగురిలో మాట్లాడగలను. అప్పుడు కోపం ఎక్కువ, ఇప్పుడు ఓపిక వచ్చింది. ఇలా ఓ పది వరుసలు నిండుతాయి. చదివితే ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీలా ఉంటుంది తప్ప అందులో మనిషి కనిపించడు. దయచేసి ఆ గీత గీయకండి.

ఎందుకొద్దంటున్నానో నా తప్పుతోనే చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా నేను అందరికీ చెప్పిన కథ ఒకటుంది. 1993లో టెన్త్ పాసయ్యాక నాకు చరిత్ర చదవాలనుంది, హెచ్ఈసీలో చేరతానంటే మా నాన్న వినలేదు, పట్టుబట్టి ఎంపీసీలో చేర్పించి విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పడేశారు. పెళ్లిచూపుల్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, చివరికి మా అమ్మాయికీ చెప్పాను. కథ బాగా పండేది. విన్నవాళ్లు 'అయ్యో పాపం' అనేవాళ్లు.

ఆరేళ్ల కిందట అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక ఇన్‌ల్యాండ్ లెటర్ దొరికింది. నేను రాసిందే. అడ్మిషన్ల రోజుల్లో విజయవాడలో మావయ్య వాళ్లింట్లో ఉండి మా ఊరికి రాసిన ఉత్తరం. 'పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది' అని వినయంగా మొదలై, నాలుగో లైనుకల్లా అసలు సంగతిలోకి దిగింది. 'హెచ్ఈసీ వాళ్లని ఎవరూ పట్టించుకోరంట. మావాళ్లిద్దరూ ఎంపీసీలోనే చేరారు. నేనూ ఎంపీసీయే. మీరు వచ్చి వేరేగా చెప్పొద్దు. పదో తారీఖు లోపల డబ్బు కట్టకపోతే సీటు పోద్ది.' 'పోద్ది' కింద రెండు గీతలు కూడా ఉన్నాయి.

నాన్నకి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చదివి, 'నువ్వే కదరా చేరింది' అన్నారు. ఆయనకి అది వింత కాదు. ఆయన దగ్గర మొదట్నుంచీ ఉన్న కథ అదే. నేను ఎప్పుడూ అడగలేదంతే.

నన్నేదో ప్రత్యేకమైన అబద్ధాలకోరు అనుకోకండి. డేనియల్ ఆఫర్ అనే మానసిక వైద్యుడు 1962లో అమెరికాలో 14 ఏళ్ల కుర్రాళ్లను కూర్చోబెట్టి ఇంటి గురించి, స్నేహాల గురించి, అమ్మానాన్నల పెంపకం గురించి ప్రశ్నలు అడిగాడు. వాళ్లలో 67 మందిని 48 ఏళ్ల వయసులో మళ్లీ పట్టుకుని, 'అప్పుడు మీరెలా ఉండేవారు' అని అవే ప్రశ్నలు వేశారు. 2000లో ఫలితాలు అచ్చయ్యాయి. పాత జవాబులతో కొత్త జవాబులు కలిసింది గుడ్డిగా ఊహిస్తే ఎంత కలుస్తాయో అంతే. ఇంకొకటి మార్కుల సంగతి. 1996లో హ్యారీ బారిక్, ఆయనతో పనిచేసినవాళ్లు 99 మంది కాలేజీ విద్యార్థుల్ని హైస్కూలు గ్రేడ్లు గుర్తు చేసుకోమని, వాటిని స్కూలు రికార్డులతో పోల్చారు. మొత్తం 3,220 గ్రేడ్లు. 'ఏ' వచ్చినవి 89 శాతం సరిగ్గా చెప్పారు. 'డి' వచ్చినవి 29 శాతమే. తప్పు చెప్పినవాళ్లు ఎక్కువగా పైకే తప్పు చెప్పారు. వాళ్లు స్కూలు వదిలి పట్టుమని కొన్నేళ్లే అయింది. మనం వదిలి పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు దాటింది!

పదహారేళ్ల కుర్రాణ్ణి మనం ఊరికే గుర్తు చేసుకోం. ఇవాళ్టి అవసరానికి సాక్ష్యం చెప్పమని పిలుస్తాం. కొందరు వాణ్ణి తెలివితక్కువవాడిగా రాస్తారు, ఇప్పుడు ఎంత ఎదిగామో కనిపించాలి కదా. కొందరు బంగారుబాబుని చేస్తారు, ఇప్పుడు ఏం పోగొట్టుకున్నామో చెప్పుకోవడానికి. నేను వాణ్ణి బాధితుణ్ణి చేశాను. వాడికి నోరు లేదు కాబట్టి ఎటు తిప్పితే అటు తిరుగుతాడు. అందుకే ఈ పాఠంలో పెన్ను పట్టుకునే ముందు కాగితాలు వెతకాలి.

ఏం వెతకాలంటే, టెన్త్ మార్కుల మెమో, హాల్ టికెట్, గ్రూప్ ఫొటో, ఆటోగ్రాఫ్ బుక్కు, ఇన్‌ల్యాండ్ లెటర్లు, మనియార్డరు ఫారం అడుగున రెండు లైన్లు రాసుకునే ఆ చిన్న ముక్క, పాటల పుస్తకం. అన్నిటికంటే విలువైనవి పాత నోటుబుక్కుల చివరి పేజీలు. ముందు పేజీలు లెక్చరర్ కోసం రాసినవి, చివరి పేజీ మనకోసం రాసుకున్నది. అక్కడ సంతకం ప్రాక్టీసు చేసి ఉంటారు. రెండు పేర్లలో కలిసే అక్షరాలు కొట్టేసి ఫ్లేమ్స్ లెక్క వేసి ఉంటారు. మా ఇంట్లో దొరికిన ఫిజిక్స్ నోట్సు చివర నా సంతకం పదకొండు రకాలుగా ఉంది, అన్నిట్లోనూ పేరు ముందు 'డా.' ఉంది. ఎంపీసీ చదివేవాడికి డాక్టరు ఎందుకో! పీహెచ్‌డీ అనుకుంటాను. వయసులో చిన్నవాళ్లకి కాగితాలు ఉండవు, పాత మెయిళ్లు, ఫోన్లో మిగిలిన ఫొటోలు ఉంటాయి. ఆర్కుట్ మాత్రం 2014లో మూతపడింది, అందులో రాసుకున్నవి దాచుకున్నవాళ్లు అదృష్టవంతులు.

కాగితం చేతికి దొరికింది కదా అని దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. మనలో ఎంతమందికి సర్టిఫికెట్‌లో ఒక పుట్టినరోజు, ఇంట్లో ఒక పుట్టినరోజు లేవు? 'నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను' అని రాసిన రోజు హాస్టల్లో జ్వరంతో పడుకుని ఉండొచ్చు. డైరీ అయితే మరీ ఏకపక్షం. గొడవైన రోజు మూడు పేజీలు, హాయిగా గడిచిన నెల మొత్తం ఖాళీ. కాబట్టి కాగితాన్ని తీర్పులా కాకుండా ఒక వాంగ్మూలంలా తీసుకోండి. ఎవరికి రాశాం, ఏం కావాలని రాశాం అని అడగండి.

ఏ కాగితమూ మిగలనివాళ్లూ ఉంటారు. ముఖ్యంగా పదహారుకే పెళ్లయి పుట్టింటి నుంచి ట్రంకుపెట్టె కూడా తెచ్చుకోలేకపోయిన ఆడవాళ్లు. వాళ్లకి మనుషులే ఆధారం. అక్కనో, పక్కింటి పిన్నినో, క్లాస్‌మేట్‌నో అడగాలి. అడిగే పద్ధతి మాత్రం ముఖ్యం. 'నేను చిన్నప్పుడు చాలా సైలెంట్ కదా?' అని అడిగితే ఎవరైనా 'అవునవును' అంటారు. 'క్లాసులో నేను ఎక్కడ కూర్చునేదాన్ని? నాతో నీకు ఎప్పుడైనా గొడవైందా?' అని అడగండి. జవాబు మీకు నచ్చకపోతే సరైన మనిషినే అడిగారన్నమాట.

ఇక రాయడం. ఇక్కడ తెలుగు మనకి ఒక ఉచ్చు పన్నుతుంది. '-ఏవాణ్ణి', '-ఏదాన్ని', '-ఏవాళ్లం' అనే క్రియలు. 'రోజూ లైబ్రరీకి వెళ్లేవాణ్ణి', 'నాన్నంటే భయపడేదాన్ని'. తీయగా సాగిపోతుంది, చదవడానికీ బాగుంటుంది. కానీ ఒక్కసారి జరిగినదాన్ని వెయ్యిసార్లు జరిగినట్టు చూపించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. చిత్తుప్రతి రాశాక అలాంటి క్రియలన్నిటికీ సున్నా చుట్టండి. ఒక్కొక్కదాన్నీ '-ఆను'లోకి మార్చి చూడండి. 'లైబ్రరీకి వెళ్లాను.' ఎప్పుడు? ఎవరితో? ఏ పుస్తకం తీశాను? చెప్పగలిగితే ఉంచండి. చెప్పలేకపోతే మీరు లైబ్రరీకి ఎక్కువగా వెళ్లలేదు. నాకు పద్నాలుగు సున్నాలు పడ్డాయి, నాలుగే నిలబడ్డాయి.

రెండో ఉచ్చు మాటలది. 'తెలిసీ తెలియని వయసు', 'అమాయకత్వం' అని పదహారేళ్లవాళ్లు ఎవరూ తమ గురించి అనుకోరు. తమకి అన్నీ తెలుసనుకుంటారు. అవి మనం పైనుంచి అతికించే చీటీలు. అలాగే ఇప్పుడు నేర్చుకున్న 'డిప్రెషన్', 'టాక్సిక్' లాంటివి ఆ పిల్లవాడి నోట పెట్టొద్దు. 1993లో మా హాస్టల్లో ఉన్న మాటలు బెంగ, టెన్షన్, 'మూడ్ లేదురా'. ఆ మాటలతోనే రాయండి, అవెంత ఇరుకుగా ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. నేను రాసింది మా అమ్మాయికి చదవమని ఇచ్చాను, దానికిప్పుడు పదహారు. 'ఇది నువ్వు మాట్లాడినట్టే ఉంది నాన్నా, మా క్లాసులో ఎవడూ ఇలా మాట్లాడడు' అంది. మీ ఇంట్లోనూ ఆ వయసు పిల్లలుంటే వాళ్లకే చూపించండి. మొహమాటం లేకుండా చెప్పేది వాళ్లే.

పోలిక ఎలా చెయ్యాలంటే, ఇద్దరికీ ఒకే పని ఇవ్వండి. గుణాలు పోల్చొద్దు. సైకిలు తొక్కడమో, డబ్బు అడగడమో, అద్దంలో చూసుకోవడమో, ఏదో ఒకటి. ముందు అప్పటిది రాసి, ఒక లైను వదిలి, ఇప్పటిది రాయండి. మధ్యలో 'కానీ ఇప్పుడు' అని వంతెన కట్టొద్దు. నేను ఫోన్ తీసుకున్నాను.

'ఆదివారం రాత్రి ఎస్టీడీ బూత్ ముందు క్యూలో నిలబడ్డాను. మా ఊళ్లో ఫోను కిరాణా కొట్టులో ఉంది. వాళ్ల అబ్బాయి వెళ్లి నాన్నని పిలుచుకొచ్చేదాకా ఆగి మళ్లీ చేశాను. మీటర్లో ఎర్ర అంకెలు పరిగెడుతున్నాయి. బాగా చదువుతున్నానని చెప్పాను. వీక్లీ టెస్టులో కెమిస్ట్రీ పోయిన సంగతి చెప్పలేదు. రెండొందలు పంపమన్నాను. అంకె పన్నెండు దాటగానే పెట్టేశాను.

ఆదివారం రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. టాబ్లెట్లు వేసుకుంటున్నారా అని అడిగాను. అన్నీ వేసుకుంటున్నా అన్నారు. వెనక నుంచి అమ్మ ఏదో అంటోంది, ఆయన వినపడనట్టు వర్షాల గురించి మొదలుపెట్టారు. డబ్బులేమైనా కావాలా అన్నాను. వద్దన్నారు. ఉంటా మరి, అన్నాను. చూస్తే రెండు నిమిషాల పది సెకన్లు.'

గొప్ప రచనేం కాదు. కానీ 'అప్పుడు బిడియస్తుణ్ణి, ఇప్పుడు బాధ్యత తెలిసింది' అని రాసుంటే ఆ రెండు నిమిషాలు ఎక్కడివి?

ఇలా రాస్తూ పోతే తేడాలకంటే మారనివే ఎక్కువ బయటపడతాయి. అవి మనకి నచ్చే చోట్ల ఉండవు. ఆ ఇన్‌ల్యాండ్ లెటర్ దొరికాక నా గురించి ఒక అనుమానం వచ్చి, నాలుగేళ్ల కిందట బదిలీ అయినప్పటి మెయిళ్లు తీశాను. హైదరాబాదు వదిలి రావడం నాకిష్టం లేదనీ, మా ఆవిడ పోరు పడలేక వచ్చాననీ నలుగురికీ చెబుతూ ఉన్నాను. మెయిళ్లలో బదిలీ కావాలని మూడుసార్లు అడిగింది నేనే. ఆవిడకి చూపించలేదింకా.

ఈ వారం అభ్యాసం. పదిహేను, పద్దెనిమిది ఏళ్ల మధ్య మీరు స్వయంగా రాసిన ఏదైనా ఒక్క ముక్క వెతకండి, సంతకమైనా సరే. అది చూడకముందే, ఆ వయసులో మీరు తీసుకున్న ఒక నిర్ణయం గురించి మీరు అందరికీ చెప్పే కథని పది లైన్లలో రాసి పక్కన పెట్టండి. ఈ వరుస తప్పొద్దు, కాగితం ముందు చూస్తే కథ మారిపోతుంది. తర్వాత కాగితం చూడండి, ఇంట్లో ఒకరిని అడగండి. మూడూ కలవని చోట ఎర్ర ఇంకుతో గీత పెట్టి, ఆ గీత దగ్గర నుంచి ఒక పేజీ రాయండి. పాత పది లైన్లని చింపెయ్యకండి, ఆరో పాఠంలో వాటితో పనుంది.

వచ్చే పాఠంలో మన కథలోకి వచ్చే ఇతరుల గురించి, వాళ్లు చదువుతారని తెలిసీ ఎలా రాయాలన్నది చూద్దాం. ఆ లోపల ఆ మెయిళ్ల సంగతి మా ఆవిడకి చెప్పాలి, ఈ పాఠం తనూ చదువుతుంది.