ఐరిష్ పాట – 4వ పాఠం: తాళం లేకుండా గొంతు కలపడం

ఐర్లండ్‌లోని గాల్వే అక్కాచెల్లెళ్లు సారా కీన్, రీటా కీన్ పాడిన ‘వన్స్ ఐ లవ్డ్’ ఆల్బమ్‌లోంచి ఒక చరణం ఇద్దరేసి పాడి పంపమన్నాను కదా. వచ్చిన రికార్డింగుల్లో చాలావాటిలో పాట కంటే తొడమీద దరువే గట్టిగా వినిపించింది! కొందరు రెండో గొంతుకి హార్మొనీ (అదే పాటకు వేరే స్వరాల్లో జత) కూడా పెట్టారు. అందుకని అలంకారాల పాఠం వచ్చేసారికి.

హార్మొనీ వద్దు. షాన్ నోస్, అంటే మనం నేర్చుకుంటున్న ఈ పాత ఐరిష్ పాట, ఒంటిగొంతు పద్ధతి. కీన్ సోదరీమణులు ఇద్దరైనా ఒకే వరుస పట్టుకుని పాడారు. శ్రుతి సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అసలు తంటా తాళంతోనే. “పుస్తకంలో 3/4 (మూడు దెబ్బల తాళం) అని ఉందండీ” అంటారు. ఉంటుంది, రాసుకోడానికి ఏదో ఒకటి వేయాలి గనక. ఈ పాటను నడిపేది మాట. నాటకంలో పద్యం పాడేవాళ్లు చిటికెలు లెక్కపెట్టుకుంటారా? ఇదీ అంతే. ముఖ్యమైన మాట దగ్గర నిలబడతారు, చిన్న మాటల మీద గబగబా వెళ్లిపోతారు, ఊపిరి అయిపోతే పీల్చుకుంటారు. అలాగని పద్యంలోలా పాదం చివర రాగం తీయకండి. పాట ఆఖరి మాటల్ని మామూలుగా మాట్లాడినట్టు అనేసి లేచిపోయే గాయకులు కూడా ఉన్నారక్కడ. వేళ్లతో లెక్కపెట్టినా, కాలు కదిపినా, మనసులో “తకిట” అనుకున్నా తాళం వేసినట్టే. నాకు దొరికిపోతారు.

మరి ఇద్దరూ ఎలా కలవాలి? ఒకరు ముందు నడవాలి, రెండోవారు వాళ్ల ఊపిరి వినాలి. హల్లు దగ్గర కలిస్తే చాలు, అచ్చు దానంతటదే కలుస్తుంది. నేనైతే తంబూరా యాప్ కూడా ఆపేస్తాను, అది మోగుతుంటే పక్కవాళ్ల ఊపిరి వినపడదు.

వరుస గుర్తుపెట్టుకోడానికి ఒక దగ్గరి దారి: ఈ పాటల్లో చాలావాటికి మొదటి పాదం, నాలుగో పాదం ఒకే వరుస. మధ్యలో రెండూ ఒకటే, కాస్త పైస్థాయిలో. రెండు ముక్కలు వస్తే చరణం వచ్చినట్టే. శంకరాభరణం స్వరాల్లో నిషాదం కిందికి దిగితే హరికాంభోజి, దాంతోపాటు గాంధారమూ దిగితే ఖరహరప్రియ స్వరాలనుకోండి. స్వరాలు మాత్రమే, గమకాలు అక్కడే వదిలేసి రండి.

అభ్యాసం: ఒక పాట మొత్తం, అన్ని చరణాలూ కంఠస్థం చేయండి. ఇద్దరూ వీపులు ఆనించి కూర్చుని, చేతులు కట్టుకుని, ఆగకుండా పాడండి. ఎక్కడ విడిపోయినా మొదటి చరణం నుంచే మళ్లీ.