గిన్నిస్ స్టూలో చేదు ఎలా పోయిందంటే

ఐర్లాండ్‌లోని డబ్లిన్ పబ్బుల్లో తిన్న బీఫ్ గిన్నిస్ స్టూ, అంటే గిన్నిస్ అనే నల్లబీరు పోసి ఉడికించే మాంసం కూర, ఇంట్లో చేస్తే చేదెక్కేది. ఈ రకం నల్లబీరు (స్టౌట్) ఇగిరేకొద్దీ మాడ్చిన బార్లీ చేదు, బీరులో వేసే హాప్స్ పువ్వుల చేదు రెండూ చిక్కబడతాయి మరి. ఇప్పుడు కిలో మాంసానికి 250 మి.లీ. మించి స్టౌట్ పోయను, మిగతాదంతా బీఫ్ స్టాకే, అంటే మాంసం ఎముకలు మరిగించిన రసం. ఉల్లిపాయలు సన్నసెగన ఎర్రగా, జిగురుగా మగ్గితే ఆ తీపే సగం చేదును మింగేస్తుంది. మైదా అద్దిన ముక్కల్ని విడతలుగా వేయించాలి. గిన్నె నిండా వేస్తే నీరూరి ఉడుకుతాయే తప్ప ఎర్రబడవు. అడుగున అంటిన గోధుమరంగు పొర మీద బీరు పోసి గీకండి, అసలు రుచి అక్కడే ఉంది. స్టాక్ పోసి, క్యారెట్, పార్స్‌నిప్ (క్యారెట్‌లా ఉండే తెల్లటి దుంప) వేసి మూతపెట్టి రెండు గంటలు పైనే ఉడికించాలి. గరం మసాలా వైపు చెయ్యి లాగుతుంది, వద్దు. అప్పటికీ చేదు తగిలితే చెంచాడు బ్రౌన్ షుగర్ చాలు.