ఆఫీసు ఫోన్లను వైఫై మీదికి మార్చేటప్పుడు

నెట్ బాగానే వస్తోంది కదా అని ఉన్న వైఫై మీదే ఫోన్లు పెట్టేస్తే ఫిర్యాదులు రావడానికి ఎంతో కాలం పట్టదు. వెబ్ పేజీ అర సెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. మాటలో అర సెకను పోతే అవతలివాళ్లు "హలో... హలో" అంటారు. జీ.711 (మాటను డేటాగా మార్చే ఒక ప్రామాణిక పద్ధతి) కాల్‌కి ఒక్కో వైపు కావాల్సింది దాదాపు 80 కేబీపీఎస్సే, కాబట్టి స్పీడు ప్లాన్ పెంచితే ఒరిగేదేమీ లేదు. మాట మోసుకుంటూ సెకనుకు వెళ్లే 50 ప్యాకెట్లూ (చిన్న డేటా ముక్కలు) వేళకు చేరాలి: ఆలస్యం 150 మిల్లీసెకన్లు, జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్లు, ప్యాకెట్ల నష్టం 1 శాతం దాటకూడదు.

ముందు సర్వే చేయండి, అదీ ల్యాప్‌టాప్‌తో కాదు, వాడబోయే ఫోన్‌తోనే. మెట్లు, లిఫ్ట్ ముందు, స్టోర్ రూమ్, ఇలా జనం నడుస్తూ మాట్లాడే చోటల్లా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) కన్నా పడిపోకూడదు. సిగ్నల్ నాయిస్‌కి (చుట్టూ ఉండే రేడియో రొదకి) పైన 25 డీబీ ఉండాలి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 12 ఎంబీపీఎస్ కన్నా తక్కువ రేట్లు ఆపేయండి. యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పవర్ ఫోన్ పవర్‌ని మించితే దాని మాట ఫోన్‌కి అందుతుంది, ఫోన్ మాట దానికి అందదు.

ఎక్కువమంది బోల్తా పడేది ప్రాధాన్యం దగ్గర. వాయిస్ ప్యాకెట్ మీద డీఎస్‌సీపీ (ప్రాధాన్యం తెలిపే అంకె) 46 అనే ముద్ర ఉంటుంది. దాని మొదటి మూడు బిట్ల విలువ 5. చాలా పరికరాలు ఆ 5నే వైఫై ప్రాధాన్యంగా తీసుకుంటాయి, కానీ డబ్ల్యూఎంఎంలో (వైఫై ప్యాకెట్లను ప్రాధాన్యాన్ని బట్టి వేర్వేరు క్యూల్లో పంపే పద్ధతి) 5 వీడియో క్యూ, వాయిస్‌ది 6. రద్దీ లేనంతసేపూ ఈ తేడా బయటపడదు. 46ని 6కి మార్చమని 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్ఎఫ్‌సీ 8325 చెబుతోంది. సెట్టింగ్ మార్చాక గాలిలోని ప్యాకెట్లను పట్టి చూసి నిర్ధారించుకోండి. దారిలో ఒక్క స్విచ్ పోర్టు ఆ ముద్రను నమ్మక సున్నా చేసినా పడ్డ శ్రమంతా వృథా.

రేడియస్ లాగిన్ (కేంద్ర సర్వర్ ద్వారా ధ్రువీకరించే పద్ధతి) వాడితే యాక్సెస్ పాయింట్ మారినప్పుడల్లా మొత్తం ధ్రువీకరణ మళ్లీ జరిగి మాట తెగుతుంది. 802.11ఆర్ (యాక్సెస్ పాయింట్ మారడాన్ని వేగవంతం చేసేది), 802.11కే (దగ్గరలోని యాక్సెస్ పాయింట్ల జాబితా ఫోన్‌కి ఇచ్చేది) ఆన్ చేయండి. 802.11ఆర్ ఉన్న నెట్‌వర్క్‌కి కొన్ని పాత పరికరాలు అసలు కనెక్టే కావు, అందుకే ఫోన్లకు వేరే ఎస్ఎస్ఐడీ (వైఫై పేరు) పెట్టడం మేలు.

లోపం ఎక్కడుందో లక్షణమే చాలావరకు చెబుతుంది. నడుస్తుంటేనే తెగితే రోమింగ్ (యాక్సెస్ పాయింట్ మారడం). కూర్చున్నచోటే, అదీ రద్దీ వేళల్లోనే గరగరమంటే క్యూ. కాల్ కలిసిన క్షణం నుంచే ఒకవైపే వినిపిస్తుంటే వైఫైని వదిలేసి ముందు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (కాల్ సందేశాలను రౌటర్ సవరించే సెట్టింగ్) ఆపి చూడండి.

కరెంటు పోతే యాక్సెస్ పాయింట్లతో పాటు ఫోన్లన్నీ మూగబోతాయి. యాక్సెస్ పాయింట్లకు నెట్ కేబుల్ మీదే పవర్ ఇచ్చే పీఓఈ స్విచ్‌నీ, రౌటర్‌నీ యూపీఎస్ మీద పెట్టండి. అత్యవసర కాల్స్ కోసం వైఫైతో సంబంధం లేని లైను ఒకటి ఉంచండి.